దాపల ఎద్దు వంతు

హజరత్తయ్య జీపు కొంటానన్నప్పుడు వాళ్ల అన్న పద్మనాభయ్య వద్దనలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు.

"చాతనైతే నడుపుకో, నేను కాదనను. కానీ ఏ రోజు దాన్ని ఎద్దులు లాగాల్సొస్తాదో, ఆ రోజుతో దానికీ మనింటికీ రుణం తీరిపోవాల. ఎవురి ఎద్దులైనా సరే. ఒప్పుకుంటావా?"

హజరత్తయ్య ఒప్పుకున్నాడు. ఆ పూట అతను దేనికైనా ఒప్పుకొనేవాడే.

బుచ్చిరెడ్డిపాలేనికి కూతవేటు దూరంలో వాళ్ల పల్లె. తండ్రి పోయాక కూడా అన్నదమ్ములు వేరుపడలేదు. ఇంట్లో మూడు జతల ఎద్దులుండేవి. మూడో జతను అమ్మి, మద్రాసులో మిలిటరీవాళ్లు వదిలించుకున్న జీపుల్లో ఒకటి తెచ్చాడు హజరత్తయ్య. పైన వేసిన పచ్చరంగు కింద పాత నంబర్లు ఇంకా కనపడుతూనే ఉండేవి. అది వాకిట్లోకి వచ్చిన రోజు పద్మనాభయ్య కొట్టంలో, ఖాళీ అయిన రెండు కట్టుకొయ్యల దగ్గర నిలబడి చాలాసేపు ఏదో సర్దాడు. అక్కడ సర్దడానికి ఏమీ లేదు.

ఆయన ఆ జీపు ఎక్కలేదు. నెల్లూరు పోవాలంటే రోడ్డు మీద బస్సు కోసం నిలబడేవాడు. తమ్ముడు జీపు ఆపి "రా అన్నా, నేనూ ఆడికే" అంటే, "నువ్వు పో, నాకు మధ్యలో పనుండాది" అనేవాడు. ఆ మధ్యలో పనేమిటో ఊళ్లో ఎవరికీ తెలియదు.

వదిన మాలకొండమ్మ మాత్రం ఎక్కింది. ఎక్కి, ఊరి చివరిదాకా పోయి, దిగి, నడుం పట్టుకొని, "పెళ్లి చేసుకోరా అబ్బయా అంటే దీన్ని చేసుకున్నాడు. కాపరం ఎట్టుంటాదో నాకిప్పుడు తెలిసిందిలే" అంది. మాలకొండమ్మ మెల్లగా మాట్లాడినా కాలవ అవతలికి వినపడుతుంది. కాబట్టి ఆ మాట ఊరంతా తిరిగింది.

షరతు సంగతి కూడా అలాగే తిరిగింది. కాఫీ హోటలు ముందు జీపు ఆగితే చాలు, ఎవరో ఒకరు అందుకొనేవాళ్లు.

"ఏం హజరత్తూ, దానికి కుడితి పెట్టినావా?"

"ఎద్దయితే పేడన్నా ఏస్తాది. ఇదేమేస్తాదబ్బయా?"

"మా ఎద్దులు ఊరికే ఉండాయి. దిగబడితే కేకెయ్. మొహమాటపడబాక."

హజరత్తయ్య నవ్వి ఊరుకొనేవాడు. రెండు వానాకాలాలు గడిచినా అతని జీపు ఎక్కడా దిగబడలేదు. బురద అతనికి పుట్టినప్పటినుంచీ తెలిసిన విషయం. ఏ గట్టు జారుతుందో, ఏ మడి నీళ్లు తీశాక ఎన్నాళ్లకు గట్టిపడుతుందో చూడగానే చెప్పగలడు. అనుమానం వస్తే జీపు ఆపి, చెప్పులు విడిచి, మడమతో నొక్కి చూసి, ఆ తరవాతే ముందుకు పోనిచ్చేవాడు. చూసేవాళ్లకు అది పిరికితనంలా కనపడేది. అతనికి మాత్రం ఆ జీపు లేని రోజు ఎలా ఉంటుందో తెలుసు. పొద్దున లేచి అన్న వెనకాల చేలోకి నడవాలి, సాయంత్రం అన్న వెనకాల ఇంటికి రావాలి. ఆ నడకలో తప్పేమీ లేదు. కాని స్టీరింగు పట్టుకొన్నప్పుడు ఎదురుగా ఎవరి వీపూ కనపడదు.

నెల్లూరులో జీపు బాగుచేసే మెకానిక్కు దావీదు. హజరత్తయ్య కంటే రెండు మూడేళ్లు చిన్న. ఆదివారం గుడికి పోయే చొక్కాతోనే ఇంజను కింద దూరి, సోమవారం వాళ్లమ్మ చేత తిట్లు తినే రకం. ఆ ఏడు సంక్రాంతి వెళ్లిన తరవాత అతనే ఒక అచ్చుకాగితం తెచ్చి చూపించాడు. మద్రాసు మోటారు క్లబ్బువాళ్లూ, గూడూరు అభ్రకం గనుల యజమానులూ కలిసి సముద్రం ఒడ్డున తిప్పపాలెంలో జీపుల పందెం పెడుతున్నారు. జీతానికి బండి నడిపేవాళ్లు రాకూడదు. సరదాకి నడిపేవాళ్లే రావాలి. జీపులన్నీ ఒక్కసారే బయలుదేరి ఇసకలో, తోపులో, కట్టల మీద మూడు చుట్లు తిరగాలి. ముందొచ్చినవాడికి వెండి కప్పు.

"మనం పోదామన్నా. నేను పక్కన కూర్చుంటా" అన్నాడు దావీదు.

"ఇసక నాకు అలవాటు లేదే."

"ఇసకలో టైరుకు గాలి తగ్గించాల. అంతే అన్నా. మిగతాది బండి చూసుకుంటాది, ప్రభువు చూసుకుంటాడు."

"ఇద్దర్లో ఎవరు ముందు చూసుకుంటారు?"

"బండి గెలిస్తే బండి. లేకపోతే ఆయన."

పందెం ఆదివారం పెట్టారు. మద్రాసువాళ్లు ఆదివారమని చూసుకున్నారు గాని, అది మాఘ పౌర్ణమి అని చూసుకోలేదు. మాఘ పౌర్ణమి నాడు సముద్రస్నానానికి నెల్లూరు చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు కట్టుకొని వస్తారు. మాలకొండమ్మ కూడా ఏటా పోవాలనుకొని పోలేకపోయేది. ఈసారి పద్మనాభయ్య తనంతట తానే "స్నానానికి పోదాం" అన్నాడు.

"జీపులో రాండి అన్నా, పొద్దునకంతా ఆడుంటాం" అన్నాడు హజరత్తయ్య.

"స్నానానికి బండి మీద పోతేనే పుణ్యం" అన్నాడు పద్మనాభయ్య. ఆ పుణ్యం సంగతి మాలకొండమ్మ ఎన్నడూ వినలేదు. అయినా మూట కట్టుకొని, ముందురోజే ఎద్దుల బండి ఎక్కింది.

స్నానానికి వచ్చిన బండ్లన్నీ ఉప్పుకాలవ దగ్గరే ఆగిపోయాయి. అక్కణ్ణుంచి సముద్రందాకా ఇసక. అందులో ఎద్దులు మోకాళ్లదాకా కూరుకుంటాయని జనం దిగి నడిచిపోయారు. పద్మనాభయ్య ఒక్కడే బండిని ఆపకుండా ఇసకలో తోలుకొని, సరుగుడు తోపుదాకా తెచ్చి, చెట్ల కింద విప్పాడు. ఆయన ఎద్దులు అలాంటివి. కాడికి కుడిపక్క కట్టే వలపలది మైలరంగుది, ఎడమపక్క కట్టే దాపలది తెల్లది. రెండూ దమ్ము చేసే మడుల్లో పెరిగినవి. ఎదురుగానే జీపులు వరసగా నిలబడి ఉన్నాయి.

"సముద్రం అటుండాది. బండి ఇటు తెచ్చినావేంది?" అంది మాలకొండమ్మ.

"ఇక్కడ నీడుండాది" అన్నాడు పద్మనాభయ్య. అప్పటికింకా సూర్యుడు సరిగా పైకి రాలేదు.

ఆరు జీపులు బయలుదేరాయి. గూడూరు అభ్రకం యజమాని కొడుకు కొత్త జీపు మొదట ఉంది. హజరత్తయ్య జీపు చివర ఉంది. మొదటి చుట్టులో అతనికి ఇసక అర్థం కాలేదు. ఎక్కడ తొక్కితే ఎక్కడికి జారుతుందో తెలియక రెండుసార్లు తాడిగుంజల మీద కట్టిన ఎర్రజెండాలను రాసుకుంటూ పోయాడు. దావీదు డాష్‌బోర్డు మీద ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టుకొని, "ఆపబాక అన్నా, ఇసకలో ఆపితే గోరీనే" అంటూ ఉన్నాడు. రెండో చుట్టుకు చెయ్యి కుదిరింది. తోపు మధ్య బాటలో ఇద్దరిని దాటాడు. ముందు ఇక ముగ్గురు. మలుపు తిరుగుతుంటే దిబ్బ మీద తలగుడ్డ చుట్టుకొని నిలబడ్డ మనిషి కనపడ్డాడు. అది అన్న. స్నానానికి పోలేదు.

హజరత్తయ్య అటు ఒక్కసారే చూశాడు. కాలు ఇంకా గట్టిగా నొక్కాడు.

తోపు దాటాక సముద్రపు పాయ ఒకటి లోపలికి చొచ్చుకొని వచ్చి ఉంది. దాని పక్కన చెట్టూ చేమా లేని చవిటిపర్ర. జీపులన్నీ పర్ర చుట్టూ ఉన్న ఇసక కట్ట మీద తిరిగి పోతున్నాయి. జెండాలకు కుడివైపు నుంచి పోవాలనే నిబంధన తప్ప, మధ్యలో దారి ఎవరిష్టం వాళ్లది. పర్రకు అడ్డంగా పోతే సగానికి సగం దూరం తగ్గుతుంది. మొదటి రెండు చుట్లలోనూ హజరత్తయ్య ఆ పర్రను చూశాడు. పైన ఎండి, తెల్లబారి, నెర్రెలు విచ్చి, పెంకులు పెంకులుగా లేచి ఉంది.

మూడో చుట్టులో స్టీరింగు అటు తిప్పాడు.

"అన్నా, అందరూ చుట్టూ పోతుండారు" అన్నాడు దావీదు.

"వాళ్లు మడి చూసినోళ్లు కాదు దావీదూ. ఆ నెర్రె చూడు. చెయ్యి దూరేటట్టుండాది. మా చేలల్లో ఇంత నెర్రె ఇస్తే నిండు మోపుల బండి దించుతాం."

అది నిజమే. కోతకు ముందు మడిలో నీళ్లు తీసేస్తారు. నేల ఆరి నెర్రె విచ్చిందాకా బండి దించరు. విచ్చాక ఇక చూడరు. తాతల నాటి నుంచీ వాళ్లకు నేల ఇచ్చే అనుమతి అదొక్కటే. రెండేళ్లుగా ప్రతి బురదలోనూ దిగి కాలితో నొక్కి చూసిన మనిషి, ఈ ఒక్కచోట దిగలేదు. దిగాల్సిన అవసరం కనపడలేదు.

జీపు పర్రలోకి దిగి కొంతదూరం బాగానే పోయింది. పెంకులు పటపటమని విరుగుతున్నాయి. దావీదు కట్ట మీది జీపుల వైపు చూసి, "దాటేస్తుండాం అన్నా" అన్నాడు. అంతలో ముందు చక్రాలు కిందికి పోయాయి. హజరత్తయ్య నాలుగు చక్రాల గేరు వేసి తొక్కాడు. వెనక చక్రాలు కూడా పోయాయి. పెంకు కింద నల్లటి అడుసు. అది మడిలో బురదలా కాలికి తగిలి ఆగేది కాదు. అడుగు ఎక్కడుందో తెలియదు. ఇంకోసారి తొక్కితే జీపు ఇరుసుదాకా దిగి, చెయ్యి విడిచిన పసిబిడ్డలా కూర్చుండిపోయింది.

దావీదు దిగాడు. మోకాళ్లదాకా పోయాడు. ఒక కాలు పైకి తీస్తే చెప్పు రాలేదు.

"ఇది మడి కాదన్నా" అన్నాడు.

హజరత్తయ్య కూడా దిగి, చక్రం పక్కన అడుసులో చెయ్యి దింపి చూశాడు.

గూడూరు యజమాని కొడుకు గెలిచాడు. గెలిచాక మంచితనంగా వెనక్కి వచ్చి, కట్ట మీద తన జీపు నిలిపి, పొడుగాటి తాడు విసిరాడు. తాడు బిగిసింది. అతని జీపు చక్రాలు ఇసకలో గుంటలు తవ్వుకొని దిగడం మొదలుపెట్టాయి. ఇంకాసేపుంటే రెండు జీపులు తీయాల్సి వస్తుందని క్లబ్బువాళ్లు తాడు విప్పించారు. పాలెంలో చేపలు పట్టేవాళ్లు పదిమందిదాకా దిగి నెట్టారు. నెట్టేకొద్దీ వాళ్లే తొడలదాకా పోతున్నారు. వాళ్లలో పెద్దాయన ముత్యాలయ్య బయటికి వచ్చి, కాళ్లు తుడుచుకొని, పాయ వైపు చూశాడు.

"పౌర్ణమి పోటు సామీ. మామూలు పోటు కాదు. ఇంకాసేపటికి ఈ పర్రంతా నీళ్లే."

"ఎంతెత్తున వస్తాది?" అన్నాడు హజరత్తయ్య.

ముత్యాలయ్య తన నడుం మీద చెయ్యి పెట్టాడు. ఆ చేతి ఎత్తూ, కూరుకుపోయిన జీపు బానెట్ ఎత్తూ ఒకటే.

"మా పాలెంలో ఎద్దుల్లేవు. దీన్ని ఎద్దులే తియ్యాల" అని, తోపు వైపు చూశాడు. తోపులో, చెట్ల కింద, వలపలదీ దాపలదీ పడుకొని నెమరు వేస్తున్నాయి. మిగతా ఎద్దులన్నీ దూరాన ఉప్పుకాలవ దగ్గరే ఉండిపోయాయి.

పద్మనాభయ్య కట్ట మీద నిలబడి ఉన్నాడు. ముత్యాలయ్య మాట ఆయనకు వినపడింది. అయినా కదల్లేదు. హజరత్తయ్య కూడా అటు చూడలేదు. జీపు చుట్టూ తిరిగి, వంగి, చక్రాల చుట్టూ అడుసును చేతులతో తోడసాగాడు. తోడిన చోట వెంటనే నిండుతోంది.

నీళ్లు అలలా రాలేదు. కింద నుంచి వచ్చాయి. ఏ నెర్రెలను చూసి అతను జీపు దించాడో, ఆ నెర్రెల్లో నుంచే సన్నగా ఊరి, పెంకుల మీదికి పొర్లి, ఒకదానితో ఒకటి కలుసుకోసాగాయి. హజరత్తయ్య తోడడం ఆపి కాసేపు దాన్ని చూశాడు.

కట్ట మీద మాలకొండమ్మ గొంతు లేచింది. ఆమె స్నానం చేసి, తడిచీరతో వచ్చింది.

"ఎద్దుల్ని పెట్టుకొని ఏం చూస్తుండావు? తోలకూడదా?"

"అడిగితే కదా" అన్నాడు పద్మనాభయ్య.

"అడిగితే ఇస్తావా?"

"అడిగితే జీపు పోతాది. వాడికి తెలుసు. అడగడు."

"వాడేమో అడగడు, నువ్వేమో తోలవు. సముద్రానికేం, అది అడక్కుండానే తీసుకుంటాది. మీ ఇద్దరి కంటే అదే నయం."

పద్మనాభయ్య పాయ వైపు చూశాడు. తలగుడ్డ తీసి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు.

ఇదంతా హజరత్తయ్యకు వినపడింది. లెక్క తేలికే. అడక్కపోతే జీపు ఉప్పునీళ్లలో మునుగుతుంది. మునిగినా అది అతని జీపే, ఎద్దులు లాగని జీపే. ఇంజను తుప్పుపట్టి, కొట్టంలో కట్టుకొయ్యల పక్కన పడి ఉంటుంది. అడిగితే బాగుంటుంది, కాని ఇంకొకడి వాకిట్లో ఉంటుంది. ఇంతకు ముందు అతను తన సంగతే ఆలోచించాడు. ఇప్పుడు జీపు సంగతి ఆలోచించాడు. పని చేసే బండిని పంతానికి చంపడం, మేత మేసే ఎద్దును కటికవాడికి అమ్మడంలాంటిదే అనిపించింది. అలాంటి పని వాళ్ల ఇంట్లో ఎవరూ చెయ్యలేదు.

అడుసులో ఒక్కో కాలే పీక్కుంటూ కట్ట ఎక్కి, అన్న ముందు నిలబడ్డాడు.

"అన్నా, ఎద్దులు కావాల."

"తెలిసే అడుగుతుండావా?"

"తెలిసే."

అప్పటికే పద్మనాభయ్య తోపు వైపు నడుస్తున్నాడు. నడకలో తొందర ఉంది.

బండి నుంచి కాడి విప్పి తెచ్చారు. దానికి మోకు కట్టి, రెండో కొసను జీపు వెనక కొక్కేనికి తగిలించారు. వచ్చిన దారినే వెనక్కి లాగాలి. హజరత్తయ్య స్టీరింగు ముందు కూర్చొని ఇంజను వేశాడు. ఆ చప్పుడుకు దాపలది బెదిరి పక్కకు తిరిగింది.

"ఆపు దాన్ని" అన్నాడు పద్మనాభయ్య.

"నేనూ తొక్కితే సాయంగా ఉంటాది కదన్నా."

"ఎద్దులు ఎనకాల అరుపుంటే లాగవు. నువ్వు చక్రాలు తిన్నగా పట్టుకొని ఊరకుండు. అదే సాయం."

హజరత్తయ్య ఇంజను ఆపేశాడు. అతని ముఖం సముద్రం వైపు ఉంది. ఎద్దులు వెనక ఉన్నాయి. అతనికి కనపడుతున్నది, దగ్గరికి వస్తున్న నీళ్లొక్కటే. వెనక అన్న గొంతు వినపడుతోంది. అది అరుపు కాదు. దమ్ము చేసేటప్పుడు మడిలో పొద్దుటినుంచీ సాయంత్రందాకా వినపడే మాట. "హై నాయనా. హై. కాలు పెట్టుకో. నిదానం. దాపలా, నువ్వు చూసుకో. హై." చిన్నప్పుడు గట్టు మీద కూర్చొని ఆ మాట వింటూ నిద్రపోయేవాడు హజరత్తయ్య. జీపు ఒకసారి కొంచెం పైకి లేచింది. మళ్లీ కూర్చుంది. అన్న ఎద్దుల్ని కొట్టలేదు. కాసేపు నిలిపి, వాటి గంగడోళ్లు నిమిరి, మళ్లీ అన్నాడు. ఈసారి అడుసు పెద్దగా చప్పుడు చేసి చక్రాలను వదిలింది. నీళ్లు అతని ఎదుట నుంచి కొద్దికొద్దిగా దూరమయ్యాయి.

కట్ట ఎక్కేసరికి దాపలది మూడుకాళ్ల మీద నిలబడి ఉంది. అడుసులోని ఆలిచిప్ప ఒకటి గిట్ట మధ్య దిగబడి ఉంది. పద్మనాభయ్య కాలు ఎత్తి పట్టుకొని, చిప్పను వేళ్లతో లాగి, నెత్తురును ఉప్పునీళ్లతో కడిగాడు. అప్పుడు చేతిలో గడియారం పట్టుకొని క్లబ్బు మనిషి ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు. అందరి పేర్లూ రాసుకొంటున్నాడు.

"మీ బండి పందెం పూర్తి చెయ్యలేదని రాసుకోవాల సార్. ఈ రెండింటిని మాత్రం ఏ క్లాసులో రాసుకొనేది అర్థం కాలేదు" అన్నాడు ఎద్దుల్ని చూస్తూ.

"అవి జీతానికి చేసేవి. మీ పందేనికి పనికిరావు" అన్నాడు పద్మనాభయ్య.

దావీదు ఇంజను మూత తీసి, తడిసినవన్నీ విప్పి, తన ఆదివారం చొక్కాతో తుడిచాడు. మధ్యాహ్నానికి జీపు స్టార్టయింది. ఇంటికి తన చక్రాల మీదే వచ్చింది. బండి రెండు రోజుల తరవాత వచ్చింది. దాపలది దారి పొడవునా కుంటింది. దాని మీద బరువు పడకూడదని పద్మనాభయ్య నడిచే వచ్చాడు.

మర్నాడే హజరత్తయ్య సరుగుడు కట్టె వ్యాపారం చేసే గంగులయ్యకు కబురు పెట్టాడు. ఆయన చాలాకాలంగా జీపు కోసం చూస్తున్నాడు. "అమ్మేస్తావా?" అని కాఫీ హోటలు దగ్గర అడిగితే, హజరత్తయ్య "మాటన్నాక మాటే కదా" అన్నాడు. ఆ రోజు ఎవరూ అతన్ని ఎగతాళి చెయ్యలేదు. ఎగతాళి చేస్తేనే బాగుండేదనిపించింది.

గంగులయ్య వచ్చేసరికి కోతలు నడుస్తున్నాయి. పద్మనాభయ్య కల్లంలో ఉన్నాడు. కోసిన మోపులు వచ్చి కల్లం చుట్టూ కుప్పలు పడుతున్నాయి. నూర్పిడికి ఎద్దుల్ని వరసగా కట్టి, నడుమ రాట చుట్టూ పరిచిన పనల మీద తిప్పాలి. మైలది, రెండో జత ఉన్నాయి. దాపలది కొట్టంలో గిట్టకు వేపాకు కట్టుతో పడుకొని ఉంది.

"జీపు కోసం వచ్చినా పద్మనాభయ్యా" అన్నాడు గంగులయ్య.

"కల్లం అయినాక రాండి."

"ఇప్పుడిస్తే నాకు పనికొస్తాది."

"నాకూ ఇప్పుడే పనికొస్తాది" అని, పద్మనాభయ్య తమ్ముడి వైపు తిరిగాడు. "దాపలది కల్లానికి రాదు. దాన్నట్ట చేసింది నువ్వు. దాని వంతు నువ్వే తొక్కు."

హజరత్తయ్యకు ఆ మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక పోయి జీపు తెచ్చాడు.

పద్మనాభయ్య కల్లం నాలుగు పక్కలా నీళ్ల కుండలు పెట్టించాడు. పొగగొట్టం పనలకు తగలకుండా పక్కకు తిప్పించాడు. చక్రాలు కడిగించాడు. గింజల మీద మన్ను పడితే ఊరుకోనన్నాడు. ఇన్ని అయ్యాక "ఇంక పోనీ" అన్నాడు. హజరత్తయ్య మొదటి గేరులో రాట చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. పనలు నలిగి గింజ రాలుతోంది. పద్మనాభయ్య రాట పక్కన నిలబడి, పనలు తిరగేస్తూ, అలవాటుకొద్దీ మాట్లాడుతున్నాడు.

"హై. నిదానం. రాటకు దగ్గరగా రా. మరీ అంత బిరుసు పనికిరాదు."

"ఇక్కడ జెండాల్లేవా అబ్బయా? మూడు చుట్లేనా?" అంది మాలకొండమ్మ గట్టు మీద నుంచి. కూలివాళ్లు నవ్వారు. హజరత్తయ్య కూడా నవ్వాడు. ఎన్ని చుట్లు తిరిగాడో లెక్కపెట్టలేదు. ఎవరికంటే ముందున్నాడో, ఎవరికంటే వెనకున్నాడో అక్కడ తెలిసే దారి లేదు. ఒక్కో చుట్టుకూ ఒక్కోసారి అన్న ముఖం ఎదురుగా వచ్చి పోతోంది. ఆ ఏడు గడ్డి పెట్రోలు వాసన వచ్చిందని ఆవులు రెండు రోజులు ముట్టలేదు. తరవాత అవే తిన్నాయి.

కల్లాలు అయిపోయి, ధాన్యం ఇంటికి చేరాక గంగులయ్య మళ్లీ వచ్చాడు. పద్మనాభయ్య అరుగు మీద మోకు పేనుతున్నాడు. హజరత్తయ్య జీపు తుడిచి సిద్ధంగా పెట్టి, తాళంచెవి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. ఇచ్చిన మాట తప్పడం అతని వల్ల కాదు. అన్న కూడా తప్పేరకం కాదు.

"కల్లం అయినాక రమ్మంటివి" అన్నాడు గంగులయ్య.

"అన్నాను. దాపలది ఇంకా కుంటుతుండాది. దానికి నయమైనాక చూద్దాం" అన్నాడు పద్మనాభయ్య, మోకు మీద నుంచి తల ఎత్తకుండా.

సరిగ్గా అప్పుడే పాలేరు ఎద్దుల్ని తొట్టి దగ్గరికి తోలుకొని పోతున్నాడు. తెల్లది అందరికంటే ముందు, నాలుగు కాళ్లూ సమంగా వేసుకుంటూ, వాకిలికి అడ్డంగా నడిచి పోయింది. గంగులయ్య దాన్ని అటు నుంచి ఇటుదాకా చూశాడు.

"ఏ కాలు పద్మనాభయ్యా?"

"ఉత్తప్పుడు తెలవదు. దుక్కిలో కుంటుతాది."

గంగులయ్య కాసేపు కూర్చొని, మజ్జిగ తాగి, లేచి వెళ్లిపోయాడు. హజరత్తయ్య తాళంచెవిని ఏం చెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకొని నిలబడ్డాడు. పద్మనాభయ్య మోకు కొసను అతనికి అందించాడు.

"ఆ పక్క పట్టుకొని బిగించు. ఇది ఆ జీపులో పెట్టి ఉంచు. మళ్లా ఏ పర్రలో దిగతావో" అన్నాడు.